ఏడేళ్ల పాపకు కుందేలా, గినీ పిగ్గా?

ప్రశ్న ఇది: ఇంట్లో ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. పాప కుందేలు కావాలంటోంది. గినీ పిగ్ (ఎలుకల జాతికి చెందిన, తోక లేని చిన్న పెంపుడు జంతువు) అయితే సులువని ఎవరో చెప్పారు. ఏది తేవాలి? ఒక్కటి చాలా? రెండు రకాలనూ ఒకే బోనులో పెట్టొచ్చా? రోజుకు ఎంత పని ఉంటుంది?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఇంటికి రెండు ఆడ గినీ పిగ్‌లు తెచ్చుకోండి. కుందేలు ఇప్పుడే వద్దు. ఏదైనా సరే ఒంటరిగా వద్దు, రెండు జాతులనూ కలిపి అసలే వద్దు. ఇంకో మాట ముందే ఒప్పుకోవాలి: అవి పాపవి కావు, మీవి. పాప వాటికి నేస్తం. మేత, శుభ్రం, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం పెద్దవాళ్ల పని. గినీ పిగ్ 5 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది, కుందేలు 8 నుంచి 12 ఏళ్లు. ఇవాళ తెచ్చిన కుందేలు మీ పాపకు పదిహేడేళ్లు వచ్చేసరికి కూడా ఇంట్లోనే ఉంటుంది. అప్పటికి పాప ఇష్టాలు ఎన్నోసార్లు మారిపోతాయి. కుందేలుకు మాత్రం రోజూ గడ్డి కావాలి.

కుందేలు చూడ్డానికి దూదిపింజలా ఉంటుంది కాబట్టి ఎత్తుకోవాలనిపిస్తుంది. దానికి మాత్రం నేల మీంచి కాళ్లు లేచాయంటే ఏ గద్దో తన్నుకుపోతున్నట్టే. పెనుగులాడుతుంది, వెనక్కాళ్లతో తంతుంది. పిల్లి శరీరం బరువులో ఎముకల వాటా 12–13 శాతం ఉంటే కుందేలులో 7–8 శాతమే. ఎముకలేమో తేలిక, వెనక్కాళ్ల కండలేమో మహా బలం. నడుము కింద చెయ్యి ఆనించకుండా పట్టుకున్నప్పుడు ఒక్కసారి గట్టిగా తన్నిందంటే తన వెన్నెముకను తనే విరగ్గొట్టుకుంటుంది. అలా విరిగితే వెనక్కాళ్లు చచ్చుబడతాయి, చాలాసార్లు బాగుచేయడం కుదరదు. ఏడేళ్ల పిల్ల చేతుల్లోంచి రెండు కిలోల కుందేలు జారడానికి క్షణం చాలు. చెవులు పట్టుకుని ఎత్తడం ఎవరూ ఎప్పుడూ చేయకూడదు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది కదా, హాయిగా ఉందనుకుంటారు చాలామంది. అది హాయి కాదు, భయంతో బిగుసుకుపోవడం.

పిల్లలకు తొమ్మిది పదేళ్లు వచ్చి, నేల మీద ఓపిగ్గా కూర్చుని, కుందేలే దగ్గరకొచ్చేదాకా ఎదురుచూడగలిగితే అప్పుడు కుందేలు మంచి జంతువే. గదిలో గెంతుతూ గాల్లో మెలి తిరుగుతుంది, పిలిస్తే వస్తుంది, మలమూత్రాలకు ఒక ట్రేకు అలవాటు పడుతుంది. ఎత్తుకుని ముద్దు చేయడానికి కాదు, కలిసి తిరగడానికి తెచ్చుకోవాల్సిన జంతువు అది.

గినీ పిగ్ 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటుంది. కరవడం అరుదు, ఒడిలో కాస్త కుదురుగా కూర్చుంటుంది, పగలు కూడా మెలకువగా ఉంటుంది. ఫ్రిజ్ తలుపు చప్పుడు విని కుయ్ కుయ్ అని అరవడం వారం పది రోజుల్లో నేర్చుకుంటుంది. పిల్లలకు ఆ అరుపే పెద్ద సంబరం. అలాగని బొమ్మ కాదు. ఎత్తు నుంచి పడితే పళ్లు, కాళ్లు విరుగుతాయి. అందుకే ఇంట్లో ఒకటే నియమం పెట్టండి: పిల్లలు నిలబడి పట్టుకోకూడదు.

పట్టుకునే పద్ధతి ఇలా ఉండాలి. పాప కాళ్లు చాపి నేల మీద కూర్చుంటుంది, ఒళ్లో మడత పెట్టిన తువ్వాలు. మీరు ఒక చెయ్యి గినీ పిగ్ ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద పెట్టి, మీ ఛాతీకి ఆనించుకుని తెచ్చి ఆ తువ్వాలు మీద దించుతారు. పాప చేతిలో రెండు కొత్తిమీర కాడలు. పదీ పదిహేను నిమిషాలు చాలు. నిమురుతుంటే తల పైకి విదిలిస్తే చెయ్యి తీయమని అర్థం. పళ్లు టకటకలాడిస్తే కోపం. అటూ ఇటూ కదులుతూ తువ్వాలు కొరకడం మొదలుపెడితే బహుశా మూత్రానికి వెళ్లాలి, వెంటనే బోనులో దించేయండి. ఇవి పాపకు నేర్పితే గట్టిగా పట్టుకోవాలన్న తాపత్రయం దానంతటదే తగ్గుతుంది. నాలుగేళ్ల బాబు మాత్రం పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక వేలితో నిమరడం, ఆకు అందించడం వరకే. బోను తలుపుకు చిన్న చేతులకు అందని గడియ పెట్టించండి.

ఇక జంట సంగతి. గినీ పిగ్ గుంపులో బతికే జంతువు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి దాన్ని ఒంటరిగా పెంచడం చట్టమే ఒప్పుకోదు. దానికి తోడంటే ఇంకో గినీ పిగ్గే, కుందేలు కాదు. కుందేలు ఒక్క తన్ను తన్నితే గినీ పిగ్ పక్కటెముకలు విరుగుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు కంటికి కనపడదు. బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవిని కుందేలు ఏ జబ్బూ లేకుండానే ముక్కులో మోస్తుంటుంది, అదే గినీ పిగ్‌కు అంటితే న్యుమోనియా వస్తుంది. పైగా ఒకదాని మేత రెండోదానికి సరిపోదు, ఆ విషయం కిందకొస్తుంది.

రెండు ఆడవి కొన్నామనుకుని ఇంటికి తెచ్చాక పిల్లలు పుట్టిన ఇళ్లు లెక్కలేనన్ని. గినీ పిగ్ ఆడది నాలుగు వారాల వయసులోనే కట్టగలదు, మగవి మూడు వారాలకే వేరు చేయాలి. అమ్మేచోట కలిపే ఉంచితే మీ ఇంటికొచ్చేది అప్పటికే చూలుతో ఉండొచ్చు. గర్భం 59 నుంచి 72 రోజులు కాబట్టి రెండు నెలల తర్వాత గానీ తెలియదు. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ కడుతుంది. తొలి ఈత ఏడెనిమిది నెలల వయసు దాటాక వస్తే ఇంకో ప్రమాదం. అప్పటికి కటి ఎముకల కీలు బిగుసుకుపోయి పిల్ల బయటకు రాదు, ఆపరేషన్ చేయకపోతే తల్లి చనిపోతుంది. అందుకే సరదాకి ఒక ఈత చూద్దామనే ఆలోచన వద్దు. ఆడా మగా తేల్చే పని అమ్మేవాళ్ల మాట మీద వదలకుండా వారంలోపు వెటర్నరీ డాక్టరుకు చూపించండి. రెండు మగవి కూడా కలిసి ఉంటాయి గానీ చోటు ఎక్కువ కావాలి, దరిదాపుల్లో ఆడవి ఉండకూడదు.

కుందేళ్లయితే ఆపరేషన్ చేయించిన ఒక మగ, ఒక ఆడ జంట బాగా కుదురుతుంది. ఆడదానికి ఆపరేషన్ పిల్లలు పుట్టకుండా ఉండటానికి మాత్రమే కాదు. గర్భసంచి ఉంచేస్తే నాలుగేళ్లు దాటాక అందులో క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాలు ఆడదాని దగ్గర వదలకూడదు. ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు ఉంచమని ఎవరైనా చెబితే మళ్లీ అడిగి తేల్చుకోండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి ఆ పస్తు అక్కర్లేదు. పైగా కడుపు ఖాళీ అయితేనే ప్రమాదం. అలా చెప్పే చోట కుందేళ్ల వైద్యం తెలిసినవాళ్లు ఉన్నారో లేదో కూడా కనుక్కోవాలి.

ఎంచుకునేటప్పుడు రంగు, బొచ్చు చివర చూడండి. ముందు కాసేపు దూరంగా నిలబడి, అది తింటోందా, తిరుగుతోందా గమనించాలి. మూలకు ముడుచుకుని బొచ్చు నిక్కబొడుచుకుని కూర్చున్నది వద్దు, జాలిపడి తేవద్దు. కళ్లు మెరుస్తుండాలి, ముక్కు పొడిగా ఉండాలి. కుందేలు ముందుకాళ్ల లోపలి వైపు తప్పకుండా చూడండి. జలుబు చేసిన కుందేలు ముక్కును ఆ కాళ్లతోనే తుడుచుకుంటుంది, అక్కడ బొచ్చు తడిగా గానీ అట్టకట్టి గానీ ఉంటే ముక్కు ఆ క్షణానికి పొడిగా ఉన్నా జబ్బు ఉన్నట్టే. పెదవి కాస్త ఎత్తి చూస్తే కుందేలు పై ముందుపళ్లు కింది పళ్ల మీదుగా కొంచెం ముందుకు ఉండాలి. ఎదురుబొదురుగా గుద్దుకుంటుంటే జీవితాంతం పళ్ల బాధే. మలద్వారం చుట్టూ శుభ్రంగా ఉండాలి. చెవి లోపల గోధుమరంగు పొక్కులుంటే గజ్జి పురుగులు. గినీ పిగ్ వీపు మీద బొచ్చు ఊడి, ముట్టుకుంటేనే ఉలిక్కిపడి గోక్కుంటుంటే అదీ గజ్జే. కుందేలు పిల్లకు ఎనిమిది వారాలు, గినీ పిగ్ పిల్లకు కనీసం నాలుగైదు వారాలు నిండాలి. పొడవు బొచ్చువి అందంగా ఉంటాయి గానీ రోజూ దువ్వాలి. మూతి బాగా నొక్కుకుపోయిన పొట్టి కుందేళ్లకు పళ్ల సమస్యలు, చెవులు వేలాడేవాటికి చెవి సమస్యలు ఎక్కువ. మొదటిసారి పెంచేవాళ్లకు పొట్టి బొచ్చు, మామూలు మూతి ఉన్నవే మేలు.

చోటు విషయంలో అందరూ పొరబడతారు. రెండు గినీ పిగ్‌లకు కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల కావాలి, పది దాటితే మంచిది. అంతస్తులు లెక్కలోకి రావు. అవి ఎక్కే జంతువులు కావు, పరిగెత్తేవి. అందుకే బోను ఎత్తు కన్నా పొడవు చూడాలి. కుందేళ్ల జంటకు సుమారు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, నిక్కి నిలబడటానికి 3 అడుగుల ఎత్తు ఉన్న చోటు కావాలి. దానికి మడత కంచె వేసి గదిలో ఒక భాగం ఇచ్చేస్తే సరిపోతుంది. కరెంటు తీగలు మాత్రం గొట్టాల్లో దాచాలి, లేకపోతే కొరికేస్తుంది. అడుగు తీగ జాలీది ఉన్న బోను ఏ జంతువుకూ వద్దు, అరికాళ్లు పుండ్లు పడతాయి. పరుపుగా కాగితపు ముక్కలు గానీ, ఉన్నిలాంటి మెత్తటి ఫ్లీస్ గుడ్డ గానీ వేయండి. దేవదారు, పైన్ చెక్క పొట్టు వాసనలోని నూనెలు ఊపిరితిత్తులకు, కాలేయానికి మంచివి కావు. దాక్కునే గూళ్లు జంతువుకొకటి చొప్పున ఉండాలి, ప్రతి గూటికీ రెండు దారులుండాలి. ఒక్క దారే ఉంటే బలమైనది గుమ్మంలో కూర్చుని రెండోదాన్ని లోపలే బంధిస్తుంది. హ్యామ్‌స్టర్ చక్రాలు, ప్లాస్టిక్ బంతులు, నడుముకు కట్టే తాళ్లు గినీ పిగ్‌కు కొనకండి, దాని వెన్ను అలా వంగదు. వేడి రెండిటికీ పడదు. 28 డిగ్రీలు దాటితే నీడ, గాలి, గుడ్డ చుట్టిన చల్లని నీళ్ల సీసా ఏర్పాటు చేయాలి. నోరు తెరిచి ఎగరోజుతుంటే వడదెబ్బ. అప్పుడు చెవులను, పాదాలను చల్లటి నీళ్లతో తడుపుతూ డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఐసు నీళ్లలో ముంచకూడదు.

మేతకు వద్దాం, అసలు కథంతా ఇక్కడే ఉంది. రెండిటి పళ్లూ చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, దవడ పళ్లతో సహా. కుందేలు ముందుపళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. వాటిని అరగదీసేది గడ్డి నమలడమే, చెక్కముక్క కొరకడం కాదు. చెక్క ముందుపళ్లకే తగులుతుంది. దవడ పళ్లు అరగాలంటే గంటల తరబడి గడ్డిని పక్కకి పక్కకి నమలాలి. నమలకపోతే ఆ పళ్ల అంచులు ముళ్లలా పెరిగి నాలుకను, బుగ్గను కోస్తాయి. నొప్పికి తినడం మానేస్తుంది, తినకపోతే పేగు ఆగిపోతుంది. అందుకే మేతలో నూటికి ఎనభై పాళ్లు ఎండుగడ్డి ఉండాలి, పగలూ రాత్రీ అందుబాటులో ఉండాలి. ఒక్కో జంతువుకు రోజుకు దాని ఒళ్లంత గడ్డి లెక్క. ఎండుగడ్డి అంటే పచ్చిగా కోసి ఎండబెట్టినది, తిమోతి లాంటిది. గింజలు తీసేశాక మిగిలిన గడ్డి పరుపుకు పనికొస్తుంది, మేతకు కాదు. మంచి గడ్డి కాస్త పచ్చగా ఉంటుంది, తీపి వాసన వేస్తుంది. బూజు వాసన, దుమ్ము ఉంటే పారేయండి. లూసర్న్ గడ్డి ఆరు నెలల లోపు పిల్లలకు, చూలువాటికి సరే. పెద్దవాటికి వేస్తే అందులోని కాల్షియం మూత్రసంచిలో ఇసుకలా పేరుకుంటుంది. కుందేలు మలవిసర్జన చేస్తూనే గడ్డి తింటుంది కాబట్టి గడ్డి బుట్టను ట్రే పక్కనే పెట్టండి, ట్రే అలవాటు సగం దాంతోనే వచ్చేస్తుంది.

పెల్లెట్స్, అంటే గుళికలుగా చేసి అమ్మే మేత, కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించకూడదు. గినీ పిగ్‌కు ఒక పెద్ద చెంచా చాలు. గింజలు, రంగు ముక్కలు కలిపిన మిశ్రమాలు కొనొద్దు, తీపివి ఏరుకుని మిగతావి వదిలేస్తాయి. క్యారెట్, పండ్లు ఎప్పుడో వేలెడు ముక్క, అంతే. ఆకులు రోజూ ఇవ్వొచ్చు, కొత్తది ఒక్కోటిగా అలవాటు చేయాలి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప ఆకులు, టమాటా ఆకులు, అవకాడో, చాక్లెట్ విషం. ఇంటికి తెచ్చేటప్పుడు అవి అప్పటిదాకా తింటున్న మేతే పదిరోజులకు సరిపడా అడిగి తెచ్చుకుని, కొత్తది నెమ్మదిగా కలపండి. పిల్ల కుందేళ్లు ఇల్లు, మేత ఒకేసారి మారి విరేచనాలతో పోవడం చాలా మామూలు.

గినీ పిగ్‌కు ఒక ప్రత్యేకమైన లోటుంది. మనలాగే దాని ఒళ్లు విటమిన్ సి తయారు చేసుకోలేదు, కుందేలు చేసుకుంటుంది. రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు మేతలో అందాలి. అందకపోతే రెండు మూడు వారాల్లో స్కర్వీ మొదలవుతుంది: కీళ్లు వాచి నడవదు, ఎత్తితే కీచుమంటుంది, బొచ్చు గరుకవుతుంది, చిగుళ్లలో రక్తం. కుందేళ్ల పెల్లెట్స్ దానికి పెడితే జరిగేది ఇదే. నీళ్లలో చుక్కల మందు కలపడం దండగ, వెలుతురుకు గంటల్లో శక్తి తగ్గిపోతుంది, రుచి మారిందని నీళ్లే మానేస్తుంది. ఎర్ర క్యాప్సికం 100 గ్రాముల్లో 120 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అంటే రోజుకు 20 గ్రాముల ముక్క, కొన్ని కొత్తిమీర కాడలు ఇస్తే లెక్క సరిపోతుంది. గినీ పిగ్ పెల్లెట్స్ కొన్నా తయారీ తేదీ చూడండి, సుమారు మూడు నెలలు దాటితే అందులో విటమిన్ నమ్మకం లేదు. పిల్లగా ఉన్నప్పుడే రకరకాల ఆకులు రుచి చూపించాలి, పెద్దయ్యాక కొత్తవి ముట్టవు.

ఇవి వేటాడబడే జంతువులు. అడవిలో నొప్పి చూపించింది ముందు చస్తుంది కాబట్టి నొప్పి దాచుకోవడం వాటి రక్తంలోనే ఉంది. మీకు తెలిసేది రెండు చోట్ల: మూతి దగ్గర, పెంటికల దగ్గర. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు రెండు మూడు వందల పెంటికలు వేస్తుంది, గుండ్రంగా, పొడిగా. వేళ్లతో నలిపితే గడ్డి పొట్టు కనపడుతుంది. పెంటికలు చిన్నవైతే, తగ్గితే, బొచ్చుతో దండలా గుచ్చుకుని వస్తే పేగు నెమ్మదిస్తోంది. ద్రాక్ష గుత్తిలా అంటుకున్న మెత్తటివి వేరు, వాటిని కుందేలు నేరుగా మలద్వారం నుంచే తినేస్తుంది. అది జబ్బు కాదు, దాని పోషణలో భాగం. అవి రోజూ నేల మీద మిగిలిపోతుంటే మాత్రం పెల్లెట్స్ ఎక్కువయ్యాయని గాని, ఒళ్లొచ్చి వంగలేకపోతోందని గాని అర్థం.

కుందేలైనా గినీ పిగ్గైనా పన్నెండు గంటలు తినకపోతే రేపు చూద్దాం అనే మాట లేదు. కూర్చున్న చోటే ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు నూరుతుంటే అంతకన్నా ముందే వెళ్లాలి. పిల్లలున్న ఇంట్లో ఇంకో హెచ్చరిక గట్టిగా చెప్పాలి. జలుబుకు వాడి మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ అల్మరాలో ఉంటుంది. పాపకు పనిచేసింది కదా అని చుక్క కూడా పోయకండి. నోటి ద్వారా ఇచ్చిన పెన్సిలిన్ జాతి మందులు వీటి పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపుతాయి, చెడ్డవి పెరిగి విషం పుడుతుంది, కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. అలాగే కుక్కలకు వాడే ఫిప్రోనిల్ పురుగుమందు కుందేలుకు పనికిరాదు. కుందేళ్లకు మిక్సోమాటోసిస్, రక్తస్రావ వ్యాధి అనే రెండు ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలు మీ దగ్గర దొరుకుతాయేమో డాక్టరును అడగండి. వేడి రోజుల్లో పిరుదుల కింద రెండు పూటలా చూడాలి. అక్కడ తడిగా మలం అంటి ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగులు పట్టి చర్మం తినేస్తాయి. కుందేలుకు స్నానం చేయించొద్దు, మురికైన చోటు మాత్రమే తుడవాలి. పిల్లలు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి. గుండ్రటి తామర మచ్చలు వీటినుంచి పిల్లలకు అంటుకుంటాయి. తెచ్చేముందే పిల్లలను రెండు మూడుసార్లు అలాంటి ఇంటికి తీసుకెళ్లి గంటసేపు కూర్చోబెడితే అలర్జీ ఉందో లేదో తెలుస్తుంది. కొందరికి జంతువు పడుతుంది, గడ్డి దుమ్ము పడదు.

పని లెక్క చెప్పాలంటే, రెండు గినీ పిగ్‌లకు రోజుకు అరగంట: పొద్దున గడ్డి, నీళ్లు మార్చడం, సాయంత్రం ఆకులు, తడిసిన పరుపు తీసేయడం. వారానికోసారి బోనంతా ఖాళీ చేసి కడగడానికి గంట. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి గోళ్లు. లేతరంగు గోరులో లోపలి రక్తనాళం గులాబీ రంగులో కనపడుతుంది, దానికి రెండు మిల్లీమీటర్లు ఇవతలే కత్తిరించాలి. నల్ల గోరైతే కింద నుంచి టార్చి వేసి చూడండి. తెగి రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టండి. కంగారుగా ఉంటే ఈ పని డాక్టరు దగ్గరే చేయించుకోవచ్చు.

ఇందులో పాప సొంతంగా చేయగలిగే పని ఒకటుంది, అది అన్నిటికన్నా విలువైనది. ఆదివారం ఆదివారం వంటింటి కాటా మీద గిన్నె పెట్టి, అందులో గినీ పిగ్‌ను మీరు కూర్చోబెడితే, గిన్నె బరువు తీసేసి అంకె చదివి నోటు పుస్తకంలో తేదీ వేసి రాయడం పాప వంతు. పెరిగిన జంతువులో వారానికి 20–30 గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. 50 గ్రాములు తగ్గితే రోజూ తూచి, ఎంత తింటోందో చూడండి. 100 గ్రాములు తగ్గితే, అది కుయ్ కుయ్ అని హుషారుగా అరుస్తున్నా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లండి.